నేలవేమా? నేలవేపా?

ప్రశ్న: జ్వరం వస్తే మా అమ్మమ్మ అడవి నుంచి తెప్పించి కాచి ఇచ్చే చేదు మొక్కను ‘నేలవేము’ అనేది. మొన్న కొన్న పొడి డబ్బా మీద ‘నేలవేప’ అనీ, కింద ‘కాల్మేఘ్’ అనీ ఉంది. ఏది సరైన పేరు? ఇది వేప జాతిదేనా?

సమాధానం: వేప జాతి కాదు. వేప పెద్ద మాను. ఇది మోకాలెత్తు, మహా అయితే నడుమెత్తు పెరిగే మొక్క, అడ్డసరం కుటుంబానిది. నాలుగు పలకల కాడ, ఊదా మచ్చలున్న చిన్న తెల్లపూలు. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది చేదే. నేల ఉసిరికి ఉసిరి చెట్టుతో ఉన్నంత చుట్టరికం కూడా దీనికి వేపతో లేదు.

పేరు విషయంలో నా మొగ్గు మీ అమ్మమ్మగారి వైపే. తమిళుల ‘వేంబు’, కన్నడిగుల ‘బేవు’, మన ‘వేము’ ఒక్క ఇంటి మాటలు. తమిళంలో ఈ మొక్క ‘నిలవేంబు’. ‘వేప’ కూడా ఆ ఇంటిదే కానీ, వేమును వాడుకలోంచి దాదాపు నెట్టేసింది. వేము నిలిచిందంటే వేమన పుణ్యమే. ‘తినగ తినగ వేము తియ్యనుండు’ అన్న పాదాన్ని ఒకసారి గణాలు విడదీసి చూడండి. యతి ‘తి’ మీద పడింది. వేము, వేప రెండూ గురువు, లఘువే. అక్కడ ‘వేప’ అన్నా ఆటవెలది చెడదు. అంటే ఛందస్సు కోసం తెచ్చిపెట్టుకున్న మాట కాదది, నోటికి వచ్చిన మాట. వేమన పేరు కూడా వేము నుంచే వచ్చిందని కొందరు ఉత్సాహపడుతుంటారు. రెడ్డిరాజుల్లోనే వేమ అనే పేరున్నవాళ్లు ఎందరో ఉన్నారు, నేనంత సాహసం చేయను.

‘కాల్మేఘ్’ అని తెలుగు అక్షరాల్లో అచ్చేసి అమ్మేవాళ్లను ఏమనాలి? ఊళ్లో పేరుండగా హిందీ పేరెందుకు?

‘నేలవేప’ తప్పనను. వాడుకలో ఉంది, అర్థమూ తెలుస్తోంది. రాసేటప్పుడు మాత్రం నేను నేలవేమనే రాస్తాను.

జ్వరాలకు, కామెర్లకు, ఆకలి మందగిస్తే దీని కషాయం ఇవ్వడం పాత వాడుక. గర్భిణులకు మంచిది కాదు. సంస్కృతంలో దీన్ని భూనింబం అంటారు. చిక్కేమిటంటే, హిమాలయాల్లో పెరిగే కిరాతతిక్తానికీ అదే పేరుంది. మూలికల దుకాణంలో భూనింబం అని అడిగితే ఏది పొట్లం కడతారో చెప్పలేం. నేలవేమనే అడగండి.