ఓరుగల్లు యుద్ధాలను పరిశోధించబోయే శిష్యురాలికి

హనుమకొండ

చిరంజీవికి ఆశీస్సులు.

కాకతీయుల కాలపు యుద్ధాల మీద పురావస్తు, మానవశాస్త్ర శాఖల వారు కలిసి చేయబోయే పరిశోధనలో నీకు చోటు దొరికిందని తెలిసి ఎంతో సంతోషించాను. అన్నిటికంటే ముందు, ప్రశ్నను అందరూ కూర్చొని తయారుచేసుకోండి. ఓరుగల్లు ఎలా పడిపోయిందని అడిగితే సుల్తానుల చరిత్రలే సరిపోతాయి. ముట్టడి రోజుల్లో మట్టికోటకూ రాతికోటకూ మధ్య ఎవరు బతికారు, ఏం తిన్నారు, ఎటు పోయారు అని అడిగినప్పుడే కుండపెంకులు, గింజలు, ఎముకలు చూసేవారూ, శాసనాలు చదివేవారూ, ఊరి పెద్దల మాట వినేవారూ ఒకరికొకరు అవసరమవుతారు.

1310 నాటి ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో, మన మట్టిగోడలో ఉక్కు బల్లెం కూడా దిగదనీ, దానికి తగిలిన రాళ్లు వెనక్కి ఎగిరిపడతాయనీ రాశాడు. ఆయన ఢిల్లీ కొలువు కవి. గోడ ఎంత గట్టిదైతే గెలిచినవారికి అంత కీర్తి. అలాగని ఆ మాటను కొట్టిపారేయక, గోడ కోసుకుపోయిన చోట ఏ మట్టి వాడారో, ఎలా దట్టించారో, ఎక్కడ మరమ్మతు చేశారో చూడండి. అది రక్షిత కట్టడం కనుక అనుమతి లేకుండా ఒక్క పెంకునూ కదపవద్దు.

1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుల మరణాన్ని తెలుపుతుంది గాని, ఎవరి చేతిలోనో చెప్పదు. ఆమెపై తిరగబడిన కాయస్థ నాయకుడు అంబదేవునితో జరిగిన యుద్ధంలోనన్నది చరిత్రకారుల ఊహ. బలమైన ఊహే అయినా, శాసనం మాటనూ దానినీ ఒకే వాక్యంలో కలిపి రాయకు.

మేడారం గురించి కొంత ఎక్కువ చెప్పాలి, తొందరపాటు జరిగేది అక్కడే. సమ్మక్క, సారలమ్మలు కాకతీయ సేనతో పోరాడారనీ, జంపన్న సంపెంగవాగులో ప్రాణాలు విడిచాడనీ అందరూ ఎరిగిన కథ. పడిగె అనే బొమ్మల గుడ్డ జెండా పట్టి, డోలీలనే సంప్రదాయ గాయకులు పాడే కోయ వంశగాథను దానితో కలగాపులగం చేయవద్దు. రికార్డు చేసుకొని వచ్చేస్తే సరిపోదు; పాటలోని ఊళ్లనూ వాగులనూ గుట్టలనూ గాయకులతో కలిసి నడిచి చూడండి, పటం మీద వారి చేతనే గుర్తులు పెట్టించండి, రాసినదాన్ని వారికి చదివి వినిపించండి, వారు ఒప్పుకుంటే సహరచయితలుగా పేర్లు వేయండి. ఏ గుట్ట ఎక్కవద్దంటే ఆ గుట్ట దగ్గర ఆగిపోండి. పాట చెప్పిన చోట బాణపు మొన దొరకలేదని పాటను అబద్ధమనకండి, దొరికినంత మాత్రాన నిజమని చాటకండి. ఆ జనం ఆ యుద్ధాన్ని తరతరాలుగా ఎందుకు తలుచుకుంటున్నారన్నది విడిగా వెతకవలసిన ప్రశ్న.

రికార్డులు, ఫొటోలు ఎవరి వద్ద ఉండాలో ముందే కాగితం మీద రాసుకొని, ఒక ప్రతి ఆ ఊరికి చేరేలా చూడండి. ప్రశ్నల ముసాయిదా తయారు కాగానే నాకు పంపు, చదివి చెబుతాను.