పూల్ రోబోకు రెట్టింపు ధర ఎప్పుడు పెట్టాలి?

ఎండలు ముదిరేకొద్దీ ఈత కొలనుల గురించి ఉత్తరాలు ఎక్కువయ్యాయి. వాటిలో నేల, గోడలు తుడిచే రోబోల గురించి అడిగినవాటికి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ధర్మసాగర్ దగ్గర మా తోటలో 32 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పుతో పూల్ కట్టించాం. లోతు 3 నుంచి 5 అడుగులు. లోపలంతా నీలం గ్లాస్ మొజాయిక్. గట్టున రెండు వేపచెట్లున్నాయి. రోబోకు రెండు కొటేషన్లు వచ్చాయి: ఒకటి లక్షా పాతిక వేలు, ఇంకోటి రెండు లక్షల అరవై వేలు. రెండోదానికి మొబైల్ యాప్, వారం టైమర్, అదనంగా ఇంకో బ్రష్ ఉన్నాయంటున్నారు. అంత తేడాకు తగ్గ పని చేస్తుందా? — ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీది వంకర్లు లేని దీర్ఘచతురస్రం. నీళ్లు సుమారు 58 వేల లీటర్లు. ఈ సైజుకు మధ్యరకం రోబో చాలండి. అయితే లక్షా పాతిక వేలది కొనేముందు దాన్ని తిరగేసి బ్రష్ చూడండి. మీ పూల్ విషయంలో తేలాల్సింది యాప్ దగ్గర కాదు, అక్కడే.

గ్లాస్ మొజాయిక్ అద్దంలా నున్నగా ఉంటుంది. రబ్బరు పళ్లలాంటి పీవీసీ బ్రష్ ఉన్న రోబో దాని నేల మీద బాగానే తిరుగుతుంది కానీ, గోడ ఎక్కబోతే రెండడుగులు లేచి జారిపోతుంది. నున్నటి టైల్‌కు పీవీఏ అనే స్పాంజి బ్రష్ కావాలి. ఎండి ఉన్నప్పుడు అది రస్కులా గట్టిగా ఉంటుంది, నీళ్లలో నానాక మెత్తబడి టైల్‌ను కరుచుకుంటుంది. ప్రతిసారీ బాగా నాననిచ్చాకే మిషన్ నడపాలి. సిమెంటు ప్లాస్టర్ పూల్‌లో ఇదే స్పాంజి ఉప్పుకాగితం మీద రుద్దినట్టు త్వరగా అరిగిపోతుంది. అక్కడ పీవీసీయే మేలు. మీరు కొనే మధ్యరకం మోడల్‌కు స్పాంజి బ్రష్ వస్తుందా, రాకపోతే విడిగా దొరుకుతుందా అని రాయించుకోండి. అమ్మేవారిని ఒకసారి మీ పూల్‌లోనే నడిపి చూపించమని అడగండి. నీటి అంచు వరకు ఎక్కి, అక్కడి జిడ్డు గీతను రుద్ది దిగిందంటే బ్రష్ మీ టైల్‌కు సరిపోయినట్టే.

తర్వాత వేపచెట్ల సంగతి. ఆకు రాలేది ఫిబ్రవరి, మార్చిల్లో. వెంటనే ఉగాది సమయానికి పూత. ఆకు కంటే పూతతోనే తిప్పలు. సన్నటి ఫిల్టర్ జాలీ మీద అది పొరలా అతుక్కుంటే రోబో నీటిని లాగలేదు, లాగకపోతే గోడకు అంటుకోలేదు. అందుకే అడుగున సంచి ఉండే మోడల్ వద్దు, పైమూత తీస్తే బుట్ట చేతికొచ్చేది తీసుకోండి. ముతక, సన్న జాలీలు రెండూ మార్చుకునే వీలుండాలి. పూత రాలే రోజుల్లో ముతకది, మిగతా రోజుల్లో సన్నది వేయండి. ముందు చేతి వలతో పైన తేలేదంతా తీసేసి ఆ తర్వాతే రోబోను దింపండి. రోబో పని నేల, గోడలు. నీటి మీద తేలే ఆకు చాలా మోడళ్లకు అందదు.

ఇక జైరో అనే సదుపాయం సంగతి. జైరో అంటే రోబో తను ఎటు తిరిగిందో లెక్క ఉంచుకుని వరుసలు వరుసలుగా వెళ్లడం. అది లేనివి గోడకు తగిలి, తిరిగి, ఇష్టమొచ్చిన దారిన పోతాయి. మీలాంటి సాదా పూల్‌లో అవి కూడా రెండు గంటల్లో దాదాపు అంతా తుడిచేస్తాయి. ఇప్పుడు మధ్యరకంలోనూ జైరో వస్తోంది కాబట్టి దానికోసమే పైకి వెళ్లనక్కర్లేదు.

కేబుల్ పొడవు మాత్రం మీరే కొలుచుకోండి. రోబోకు కరెంటు ఇచ్చే డబ్బాను నీటి అంచు నుంచి కనీసం 12 అడుగుల దూరంలో, నీడలో పెట్టాలి. పొడవు గోడకు సరిగ్గా మధ్యలో పెడితే అవతలి మూలకు 23 అడుగులు, గట్టు దూరం 12, లోతుకు మరో 6, మొత్తం 41. అదే వెడల్పు గోడకు మధ్యలో పెడితే 51 అవుతుంది. అంటే 15 మీటర్ల కేబుల్ మొదటి చోట సరిపోతుంది, రెండో చోట చాలదు. 18 మీటర్లది ఎక్కడ పెట్టినా సరిపోతుంది. అంతకు మించి పొడవు తీసుకుంటే మెలికలు పడటం తప్ప ఫాయిదా లేదు. మెలికలు విప్పే స్వివెల్ కేబుల్‌కు ఉంటే అదనంగా కొంత ఇవ్వొచ్చు, అది రోజూ పనికొచ్చేదే. లేకపోతే వారం పదిరోజులకోసారి కేబుల్‌ను ఎండలో తిన్నగా పరిచి వదిలేయండి, చుట్టలు వాటంతటవే సాగిపోతాయి.

వారం టైమర్ కోసం డబ్బు పెట్టకండి. టైమర్ ఉందంటే మనవాళ్లు రోబోను నీళ్లలోనే వదిలేస్తారు. క్లోరిన్‌లో రాత్రింబవళ్లు నానితే రబ్బరు పట్టీలు గట్టిపడి పగుళ్లిస్తాయి, స్పాంజి పొడిపొడి అవుతుంది. పని కాగానే కేబుల్‌తో నెమ్మదిగా అంచుకు లాగి, అక్కడి నుంచి హ్యాండిల్ పట్టుకుని ఎత్తండి. పది పదిహేను సెకన్లు అంచు మీద ఆపితే లోపలి నీరంతా కారిపోతుంది. కేబుల్‌తోనే బరువంతా ఎత్తితే అది మిషన్‌లోకి వెళ్లే చోట సీలు వదులై నీరు చేరుతుంది. గ్యారంటీలో చాలా కంపెనీలు దాన్ని ఒప్పుకోవు.

కరెంటు ఖర్చు గురించి బెంగ వద్దు. 150 నుంచి 200 వాట్ల మిషన్ రెండున్నర గంటలు నడిచినా అర యూనిట్ దాటదు. అయితే తోట దగ్గరి ఫీడర్‌లో వోల్టేజీ ఎగుడుదిగుడు ఎక్కువ కాబట్టి డబ్బాకు ముందు ఒక స్టెబిలైజర్, ఆ లైన్‌కు 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరిగా పెట్టించండి. రోబోకు వెళ్లేది 24, 30 వోల్టుల డీసీయే. కానీ డబ్బాలోకి వచ్చేది ఇంటి కరెంటే. మిషన్ నడుస్తున్నప్పుడు నీళ్లలో ఎవరూ ఉండకూడదు, పిల్లలైతే గట్టు మీద కూడా వద్దు.

చివరగా ఒక్క ప్రశ్న రెండు షాపులనూ అడగండి: మోటార్ పోతే వరంగల్‌లోనే విప్పుతారా, హైదరాబాద్ పంపాలా, పంపితే రానుపోను ఖర్చు ఎవరిది, ఎన్నాళ్లు? ఖరీదైనదానికి మూడేళ్ల గ్యారంటీ, ఇక్కడే సర్వీసు ఉండి, చవకదానికి ఆ రెండూ లేకపోతే మా సలహా మారుతుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ పూల్ ఎల్ ఆకారంలో ఉంది, పక్కనే పిల్లల కోసం లోతు తక్కువ ఉన్న భాగం వాలుగా నీటిలోకి దిగుతుంది. రోజూ అరవై డెబ్బై మంది వాడతారు. కమిటీలో కొందరు వైరు లేని బ్యాటరీ రోబో అంటున్నారు. — అసోసియేషన్ సభ్యురాలు, కాజీపేట

జవాబు: మీకు ఖరీదైన రకమే కావాలండి. ఎల్ ఆకారంలో జైరో లేని రోబో ఒక వైపు భాగంలోనే తిరిగి తిరిగి రెండో వైపు భాగాన్ని వదిలేస్తుంది. వాలు భాగంలో నీరు పలచబడగానే మామూలు మిషన్ గాలి పీలుస్తుంది. నీటి బయటికి వచ్చినట్టు తెలుసుకుని వెనక్కి మళ్లే ఏర్పాటు ఉన్న మోడల్ అడగండి. రోజూ అంతమంది దిగితే జుట్టు, నూనె, సన్‌స్క్రీన్ జిడ్డు నీటి అంచున పేరుకుంటాయి కాబట్టి అంచు రుద్దే పని రోజూ ఉంటుంది. అదనపు బ్రష్‌కు పెట్టిన డబ్బు అక్కడ తిరిగొస్తుంది. గ్యారంటీ కాగితంలో ‘గృహ వినియోగానికి మాత్రమే’ అన్న మాట ఉందేమో సంతకం పెట్టకముందే చదవండి. అపార్ట్‌మెంట్ పూల్‌ను ఆ లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

బ్యాటరీది వద్దంటాం. రోజూ నడిపితే రోజూ చార్జింగ్, అదీ పంపు గదిలో. మే నెలలో ఇక్కడ నీడలోనే 44 డిగ్రీలు తాకే రోజులుంటాయి. ఆ వేడిలో చార్జ్ చేస్తే లిథియం బ్యాటరీ సామర్థ్యం తొందరగా పడిపోతుంది. ప్లగ్ పాయింట్ దూరంగా ఉన్న చిన్న పూల్‌కు, వారానికోసారి వాడేవారికి అది బాగుంటుంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి వచ్చేటప్పుడు అక్కడి నుంచి మంచి రోబో తెస్తానంటున్నాడు. ఇక్కడికంటే చవకట. తెప్పించమంటారా? — ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: ముందు కరెంటు డబ్బా మీది స్టిక్కర్ ఫొటో పంపమనండి. ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉంటే ఇక్కడ నడుస్తుంది. 115 లేదా 120 మాత్రమే ఉంటే మన 230లో పెట్టగానే కాలిపోతుంది. బ్యాటరీ రకమైతే వోల్టులను ఆంపియర్-అవర్‌తో గుణించి వాట్-అవర్ లెక్క కట్టమనండి. 100 దాటితే విమానంలో తేవడానికి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుల సామానులో రానివ్వరు. అక్కడ కొన్నదానికి ఇక్కడ గ్యారంటీ ఉంటుందో లేదో కంపెనీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. లేదంటే ఒక్క మోటార్ పోయినా మిగిలిందనుకున్న డబ్బు పోతుంది. మా మాటైతే, మిషన్ ఇక్కడే కొని, విడి జాలీలు, స్పాంజి బ్రష్‌ల వంటివి అబ్బాయితో తెప్పించుకోండి.

ప్రశ్న: గోదావరిఖనిలో మా పూల్ అడుగున ఎప్పుడూ నల్లటి సన్న పొడి. రోబో నడిపిన గంటకు నీరు మబ్బుగా అవుతుంది, తెల్లారేసరికి పొడి మళ్లీ అడుగునే. కొన్నది మధ్యరకం కాబట్టి ఇలా అవుతోందా? — ఒక పాఠకుడు

జవాబు: మిషన్ తప్పు కాదండి, జాలీ తప్పు. బొగ్గు గనుల వైపు నుంచి వచ్చే ధూళి, బూడిద చాలా సన్నం. మామూలు జాలీ ఆకును, ఇసుకను ఆపుతుంది గానీ దీన్ని ఆపదు. ఒకవైపు లాగిన పొడి ఇంకోవైపు నుంచి నీళ్లలోకే పోతోంది. మీ మోడల్‌కు అల్ట్రాఫైన్ (అతి సన్న రంధ్రాల) జాలీలు దొరుకుతాయేమో చూడండి. రాత్రి పంపు ఆపేసి పొడిని అడుక్కు దిగనివ్వండి. పొద్దున పంపు ఆన్ చేయకుండానే ఆ జాలీతో రోబోను నడపండి. సన్న జాలీ తొందరగా మూసుకుపోతుంది. మొదట్లో అరగంటకోసారి తీసి, బయటి వైపు నుంచి పైపు ధారతో కడగాలి. లోపలి నుంచి కొడితే పొడి దారాల్లోకి ఇంకా దిగుతుంది.

అది బొగ్గేనా అన్నది కూడా తేల్చుకోండి. చిటికెడు తీసి తెల్లగుడ్డ మీద రుద్దితే నల్లగా పులుముకుంటే ధూళి. ఆకుపచ్చ బూడిద రంగు మరక అయితే చచ్చిన నాచు, క్లోరిన్ సరిచేయాలి. గరగరలాడి, నీళ్లు తిరిగొచ్చే రంధ్రాల కిందే కుప్పపడితే మీ శాండ్ ఫిల్టర్ లోపల ఇసుకను ఆపే లాటరల్ పైపు విరిగి ఇసుక బయటికొస్తోంది. అప్పుడు ఎంత ఖరీదైన రోబో తెచ్చినా ఇసుక వస్తూనే ఉంటుంది.

పటిక వేసి పొడిని గడ్డకట్టించి అడుక్కు దించే పద్ధతి మంచిదే, కానీ ఆ బురద మీదికి రోబోను వదలకండి. నిమిషాల్లో జాలీ మూసుకుపోతుంది, కదలికకు బురదంతా మళ్లీ లేస్తుంది. ఫిల్టర్‌కు నీటి దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్‌ను ‘వేస్ట్’ మీద పెట్టి చేతి వ్యాక్యూమ్‌తో బయటికి పంపేయండి. పటిక పీహెచ్‌ను దించుతుంది, తర్వాత కొలిచి 7.2–7.6కు తెచ్చుకోండి.

ప్రశ్న: మా రోబో రెండేళ్లు బాగా ఎక్కింది, ఇప్పుడు గోడ దగ్గరికెళ్లి ఆగిపోతోంది. కొత్తది కొనే టైం వచ్చిందా? మాది జమ్మికుంటలో పత్తి జిన్నింగ్ మిల్లు పక్కనే. — ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. మీ చిరునామాలోనే సగం జవాబుంది. ప్లగ్ తీసేసి, మిషన్ పైన నీరు చిమ్మే చోట ఉన్న జల్లెడ మూత స్క్రూలు విప్పండి. కింద చిన్న ఫ్యాన్ రెక్క కనిపిస్తుంది. దాని ఇరుసుకు పత్తి పీచు, జుట్టు కలిసి వత్తిలా చుట్టుకుని ఉంటుంది. ట్వీజర్‌తో లాగి తీయండి, బ్లేడుతో కోయకండి, ఇరుసు సీలు తెగుతుంది. వేలితో తిప్పితే రెక్క సులువుగా తిరగాలి. చక్రాల ఇరుసుల్లోనూ, బ్రష్ రెండు చివరలా ఇదే చూడండి.

తర్వాత బ్రష్. కొన్ని బ్రష్‌లకు అరుగుదల గుర్తు ఉంటుంది, అది కనిపించనంతగా అరిగితే మార్చాలి. గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, జారుతుంటే పాకుడు. ఒకసారి చేతి బ్రష్‌తో గట్టిగా రుద్ది క్లోరిన్ షాక్ (ఒకేసారి ఎక్కువ మోతాదు) ఇవ్వండి. షాక్ తర్వాత క్లోరిన్ 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) కిందికి దిగేవరకు రోబోను నీళ్లలో పెట్టకండి. నీళ్లలో దింపాక పక్కకు వంచి బుడగలన్నీ పోయేదాకా ఊపండి, లోపల గాలి మిగిలినా గోడ ఎక్కదు.

ఇవన్నీ చేశాక కూడా నేల మీదే ఒకవైపుకు గుండ్రంగా తిరుగుతుంటే బెల్టు లేదా ఆ వైపు నడిపే మోటార్ పోయినట్టు. బెల్టు, బేరింగ్‌ల ఖర్చు కొంచెమే. మోటార్ యూనిట్ ధర కొత్త మిషన్‌లో సగం దాటితే అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించండి.

ప్రశ్న: బోరు నీళ్ల వల్ల టైల్స్ మీద తెల్లటి గీత కట్టింది. ఖరీదైన రోబో దాన్ని తీస్తుందా? — కరీంనగర్

జవాబు: తీయదు, ఏ రోబో తీయదు. అది సున్నం. నీటిని అర అడుగు దించి, వెనిగర్ తడిపిన గుడ్డను గీత మీద పది నిమిషాలు ఉంచి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. యాసిడ్ వాడాల్సి వస్తే నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు, క్లోరిన్ డబ్బా దరిదాపుల్లో ఉండకూడదు. మీరు బ్లీచింగ్ పౌడర్ వాడుతుంటే అందులోనూ కాల్షియమే ఉంటుంది, కఠిన జలానికి అది తోడైతే గీత మళ్లీ కడుతుంది. ద్రవ సోడియం హైపోక్లోరైట్‌కు మారండి.