తిరుగు బస్సు చూసుకుని నడక మొదలుపెట్టు

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మార్గశిరంలో ముగ్గురు స్నేహితులతో వచ్చి, కారు జోలికి పోకుండా, ఆర్టీసీ బస్సుల్లోనే తిరుగుతూ మన జిల్లాలోనూ శ్రీకాకుళం జిల్లాలోనూ కొండలూ ఏటిగట్లూ నడవాలని ఉందని, దారులు చెప్పమని రాశావు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బడిపిల్లలను వెంటబెట్టుకుని, రిటైరైన తరువాత ఒంటరిగానూ ఈ పల్లెవెలుగు బస్సుల్లోనే తిరిగినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

కారులో వచ్చినవాడు ఎంత దూరం నడిచినా, చివరికి కారు నిలిపిన చెట్టు కిందికే తిరిగి రావాలి. బస్సులో వచ్చినవాడికి ఆ బెడద లేదు. ఒక ఊళ్లో దిగి, పొలాలకు అడ్డంపడి, మరో ఊళ్లో ఎక్కవచ్చు. ఈ వెసులుబాటు ఉన్నందుకే నేను ఇన్నేళ్లూ బస్సును వదలలేదు. అయితే మన నడకకు హద్దు కొండ శిఖరం కాదు, సాయంత్రపు తిరుగు బస్సు. అది ఎన్ని గంటలకో, ఏ కూడలిలో ఆగుతుందో ముందు తెలుసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కకట్టుకుంటూ, ఎక్కడ అన్నం తినాలి, ఎప్పుడు కొండ దిగడం మొదలుపెట్టాలి అన్నది నిర్ణయించుకోవాలి. ఆ లెక్కలో ఒక గంట అదనంగా ఉంచుకో.

ఇందులో నేను తిన్న దెబ్బ ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక ఏటి ఒడ్డు పల్లెకు సాయంత్రం చేరి, టీ కొట్టు దగ్గర “బస్సుందా?” అని అడిగాను. “ఎనిమిదింటికి ఉంది” అన్నారు. వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. ఎనిమిదింటికి బస్సు వచ్చింది. నేను సంచీ భుజాన వేసుకుని ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టేసరికి డ్రైవరు ఇంజను ఆపి, సీటు వెనక నుంచి దిండూ దుప్పటీ తీస్తున్నాడు. అది నైట్ హాల్ట్ బస్సు. రాత్రికి అక్కడే పడుకుని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పు వేస్తుంది. చివరికి ఎండుచేపల బుట్టలు వేసుకుని పట్నం వెళుతున్న ఒక ఆటోవాడు దయతలిచి ఎక్కించుకున్నాడు. ఇంటికి చేరాక మీ అత్తయ్య నన్ను పెరటి దారిన రమ్మని, నా చొక్కా, తువ్వాలు నూతి దగ్గరే విడిపించింది. అందుచేత “బస్సుందా” అని కాదు, “వెనక్కి పోయే ఆఖరి బస్సు ఎన్నింటికి” అని అడుగు. పొద్దున్న ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, అంటే బస్టాండులో, కంట్రోలర్‌ను ఒకసారి, ఊళ్లో దిగాక కాలేజీకి వెళ్లే పిల్లలను మరొకసారి అడిగి, రెండు మాటలూ ఒక్కటైతేనే నమ్ము. రోజూ ఆ బస్సు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసేది ఆ పిల్లలే కదా.

ఇక దారుల సంగతి. మొదటి రోజు రామతీర్థం పెట్టుకో. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా వెళ్లాలి. దూరం పదిహేను కిలోమీటర్లకు లోపే కనుక ఆలస్యమైనా ఆటోలో ఇల్లు చేరవచ్చు. గుడి దర్శనంతో సరిపెట్టుకుని వచ్చేసేవాళ్లే ఎక్కువ గానీ, అక్కడ బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ అని మూడున్నాయి. బోధికొండ మీద కోదండరాముడి ఆలయం ఉంది. దానికి మెట్లున్నాయి కాబట్టి కాళ్లు సాగడానికి అది పనికివస్తుంది. గురుభక్తులకొండ మీద బౌద్ధుల కాలపు కట్టడాల అవశేషాలు, దుర్గకొండ మీద జైన విగ్రహాలు ఉన్నాయి. నాకు గురుభక్తులకొండ అంటే ఇష్టం. అక్కడి పాత ఇటుక ఒకదాని పక్కన అరచెయ్యి పెట్టి చూడు. ఇప్పటి మన ఇటుకలు దాని ముందు బిస్కెట్లలా అనిపిస్తాయి. చూడడమే గానీ, ముక్కైనా జేబులో వేసుకోవద్దు. రాతిబండ పది గంటలకల్లా కాగిపోతుంది కనుక మొదటి బస్సుకే వెళ్లి, ఎండ ముదరకముందే దిగిపోవాలి. భీష్మ ఏకాదశికి స్వామివారి కల్యాణం జరుగుతుంది. ఆ రోజుల్లో నడక కోసం అటు పోకు.

రెండో నడక శాలిహుండం నుంచి కలింగపట్నం. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను. విజయనగరం నుంచి శ్రీకాకుళం కాంప్లెక్స్‌కు పొద్దున్నే చేరి, అక్కడ గార వైపు వెళ్లే బస్సులను విచారించి, శాలిహుండానికి దగ్గరగా ఎక్కడ దింపుతారో ఎక్కేముందే కండక్టరుతో ఖాయం చేసుకో. ఊరు వంశధార నదికి దక్షిణపు ఒడ్డున ఉంది. కొండ పెద్ద ఎత్తు కాదు, నింపాదిగా ఎక్కవచ్చు. కానీ పైన బౌద్ధ స్తూపాలు, చైత్యాలనే ప్రార్థనా మందిరాల పునాదులు మెట్టుమెట్టుగా పరుచుకుని ఉంటాయి, వాటికి ఒక పూట కేటాయించాలి. ఒక స్తూపపు పునాదిలో ఇటుకలను బండిచక్రం ఆకుల్లా, అంటే చువ్వల్లా, పేర్చారు. నేలమట్టానికి వంగి చూస్తే గానీ ఆ పొందిక తెలియదు. ఈ శిథిలాలను 1919లో గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషిని ఇలా బిగదీసిన వాక్యాల్లో తలుచుకోవడం నాకే కొంత ఇబ్బందిగా ఉంది, కానీ ఈ వయసులో నా చేతి అలవాటు మారదు. ఊరి పేరుకు ధాన్యపు కొట్టు అనే అర్థంలో శాలివాటిక అనీ, ఎముకల పెట్టె అనే అర్థంలో శల్యపేటిక అనీ రెండు మూలాలు చెబుతారు. స్తూపాల్లో ధాతువులు, అంటే అస్థికలు, నిక్షేపించే ఆచారం తెలిసినవాడిని కనుక నాకు రెండోదే నచ్చుతుంది.

కొండ మీది నుంచి చూస్తే వంశధార వెడల్పుగా, మధ్యమధ్య ఇసుక మేటలతో, తూర్పున సముద్రం వైపు సాగిపోతూ కనిపిస్తుంది. మీరు నడవవలసింది అటే. దిగిన తరువాత నదిని ఎడమ చేతి వైపు ఉంచుకుని ఐదారు కిలోమీటర్లు పోతే కలింగపట్నం వస్తుంది. దారి తప్పే భయం లేదు గానీ, పొలంగట్ల మీద నడిచే పద్ధతి ఒకటి తెలుసుకోవాలి. మన ప్రాంతంలో గట్ల మీద కంది వేస్తారు. మార్గశిరానికి అది నడుమెత్తు పెరిగి పూతకు వచ్చి ఉంటుంది. నలుగురూ పక్కపక్కన నడిస్తే ఆ కొమ్మలు విరుగుతాయి. ఒకరి వెనక ఒకరు నడవండి. కోత కోసిన మడి కనిపిస్తే అందులోకి దిగిపోండి, కుప్ప వేసిన కల్లంలోకి మాత్రం చెప్పులతో పోకండి. ఎదురుగా రైతు వస్తే ముందు మీరే పలకరించి, ఫలానా ఊరు పోతున్నామని చెబితే, అడగకుండానే దగ్గరి దారి చూపిస్తాడు. కలింగపట్నంలో పాత రేవు జ్ఞాపకంగా దీపస్తంభం ఉంది. నది సముద్రంలో కలిసే ఆ చోట నీళ్లు పైకి ఎంత నెమ్మదిగా కనిపించినా స్నానానికి దిగవద్దు. ఈ ఒక్క విషయంలో నా మాటకు ఎదురు చెప్పకు. తిరుగు బస్సు కలింగపట్నంలోనే ఎక్కండి, మళ్లీ శాలిహుండం దాకా రానక్కరలేదు.

శృంగవరపుకోట దగ్గరి పుణ్యగిరి అరపూట నడకకు చాలు. శృంగవరపుకోటకు బస్సులకు కొదవ లేదు, అక్కడి నుంచి కొండ కిందికి నాలుగు కిలోమీటర్ల లోపే. చెట్ల నీడ, పారే ధార ఉన్నాయి కనుక వేసవిలో వచ్చినా ఇబ్బంది పడవు. శివరాత్రికి మాత్రం కాలు పెట్టే చోటుండదు. తాటిపూడి జలాశయం గోస్తనీ నది మీద ఉంది. చూడడానికి చక్కగా ఉంటుంది గానీ నడకకు అంత పనిలేదు. పక్షులంటే ఇష్టమైతే టెక్కలి దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో తేలినీలాపురం పోవచ్చు. చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుని ఉంటాయి. ఊరివాళ్లు వాటిని శుభంగా ఎంచి కాపాడుకుంటున్నారు. గూళ్ల కింద గట్టిగా మాట్లాడకండి.

నువ్వు మహేంద్రగిరి గురించీ అడిగావు. అది ఒరిస్సాలో, 1501 మీటర్ల ఎత్తున్న కొండ. పొద్దున బస్సు దిగి సాయంత్రం బస్సెక్కే వాళ్లకు అది సాధ్యమయ్యే పని కాదు. రాత్రి బసకు ఏర్పాటు చేసుకుని, తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని వేరే ప్రయాణంగా పోవాలి. మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం అనే ప్రాంతపు జీడితోటల్లో ఎలుగుబంట్లు మనుషుల మీద పడిన సంఘటనలు ఉన్నాయి. తెల్లవారుజామున, మునిమాపున ఆ తోటల్లోకి పోవద్దు. సీతంపేట ఏజెన్సీ వైపు ఏనుగులు తిరుగుతున్నాయని ఆ రోజు కబురుంటే, టిక్కెట్టు కొన్నా సరే దిగిపోయి మరో బస్సెక్కు.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, తలకు తువ్వాలు, వేళ్లు మూసుకునే బూట్లు, చిల్లర డబ్బులు చాలు. వర్షాకాలం వెనకపట్టు పట్టాక, కార్తీకం నుంచి మాఘం దాకా నడకకు అనువైన కాలం. అయితే మన తీరానికి తుఫానులు కార్తీకంలోనూ వస్తాయి కనుక, బయలుదేరే ముందురోజు రేడియోలో ఒక మాట విను. ఉరుము వినిపించిందంటే తాటిచెట్టు కింద నిలబడకు. మీ చెల్లెలు కూడా వస్తానంటే సంతోషంగా తీసుకురా. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు ఉచితం, ఆధార్ కార్డు మాత్రం దగ్గర పెట్టుకోమను. ఆ పథకం వచ్చాక బస్సులు కిక్కిరిసి ఉంటున్నాయి కాబట్టి, కూర్చుని వెళ్లాలంటే బస్సు బయలుదేరే చోటే ఎక్కాలి.

ఏ రోజు వస్తున్నదీ వారం ముందే తెలియజేయి. శాలిహుండం నడకకు నేనూ వస్తాను. మోకాలు సహకరించకపోతే కలింగపట్నం దాకా బస్సులోనే పోయి, దీపస్తంభం దగ్గర కూర్చుని మీ కోసం చూస్తాను. మీ అత్తయ్య చోడి (రాగి) అంబలి కాచి సీసాల్లో పోసి ఇస్తానంటోంది, మూత బిగువుగా ఉండే సీసాలు రెండు తెచ్చుకో.

ఇట్లు,
మీ పెద్దమావయ్య