పాత టేకు, పేము కుర్చీలు ఇచ్చేసి కొత్త రాటన్ సోఫా కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: విశాఖలో సముద్రానికి దగ్గరగా ఫ్లాటు, తాతగారి కాలం నాటి టేకు కుర్చీలు, పేము సీట్లలో కొన్ని కుంగిపోయాయి, ఒకటి తెగింది. వీటిని ఎవరికైనా ఇచ్చేసి షోరూమ్‌లో చూసిన రాటన్ (పేముకే ఇంగ్లీషు పేరు) సోఫా తెచ్చుకోవాలా, అసలు టేకు వాడటం అడవికి చేటు కాదా అని.

ఆ కుర్చీలు మాత్రం ఇవ్వకండి. మాది కాకినాడ, మాకూ సముద్రపు గాలే. అమ్మమ్మ వాళ్ల ఇంటి నుంచి వచ్చిన పడక్కుర్చీ, చేతుల కుర్చీలు ఇప్పటికీ రోజూ వాడుతున్నాం. సీట్లు చాలాసార్లు మారాయి, చట్రం మారలేదు. ఆ కుర్చీల తయారీయే అలాంటిది. పేము అరిగిపోతుంది, టేకు నిలుస్తుంది. అరిగిన భాగం మార్చుకుంటే సరిపోతుంది.

తెగకుండా కుంగిన సీట్లకు ఖర్చే లేదు. కుర్చీని బోర్లించి, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన టవల్‌ని సీటు అడుగు వైపు అరగంట పరచండి. అడుగు వైపే ఎందుకంటే, పైకి కనిపించేది పేము తొక్క. అది నున్నగా ఉండి నీటిని త్వరగా పీల్చుకోదు. అడుగున పీచు తెరుచుకుని ఉంటుంది, తడి ఇట్టే లోపలికి పోతుంది. తర్వాత ఫ్యాను గాలికి పూర్తిగా ఆరేదాకా వదిలేయండి, అప్పటిదాకా ఎవరినీ కూర్చోనివ్వద్దు. తడికి మెత్తబడిన పేము ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ఆరాక వేలితో తడితే మద్దెలలా పలుకుతుంది. మళ్లీ వదులైతే మళ్లీ ఇదే చేసుకోవచ్చు. ఈ కారణంగానే అడుగు వైపు వార్నిష్ కొట్టించకండి.

తెగినదానికి సీటు చట్రం అంచు చూడండి. వరసగా బెజ్జాలు ఉంటే చేత్తో అల్లిన రకం. బెజ్జాలు లేకుండా గాడి ఉంటే, ముందే అల్లి అమ్మే పేము జాలీని నానబెట్టి గాడిలో నొక్కి, పైన పేము బద్ద పెట్టి జిగురుతో బిగించిన రకం. రెండోది మామూలు వడ్రంగి కూడా చేయగలడు. మొదటిదానికి అల్లిక తెలిసినవాళ్లే కావాలి. నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం, ఆపైన రెండు వైపులా ఐమూలగా వరసలు పోతేనే ఆ ఎనిమిది మూలల కన్నాలు వస్తాయి. ప్రభుత్వ ఆఫీసుల్లో ఈ పనికి చాలాకాలం చూపులేనివాళ్లను తీసుకునేవారు. వేళ్ల కొసలతోనే బిగువు తెలుసుకుని అల్లేవాళ్లు. మీ ఊళ్లో అంధుల సంస్థల్లో విచారించండి, తెలిసినవాళ్లు దొరకొచ్చు. చవగ్గా ప్లాస్టిక్ వైరుతో అల్లేస్తామనే వాళ్లు తగులుతారు. ఒప్పుకోకండి. మన ఉక్కపోతకు వైరు వీపుకి అంటుకుంటుంది, పేములోంచి గాలి ఆడుతుంది.

టేకు చట్రానికి పెద్ద సేవ అక్కర్లేదు. చేవలో (చెట్టు నడిమి ముదురు కర్రలో) సహజంగానే నూనె, చెదపురుగుకి గిట్టని పదార్థాలు ఉంటాయి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. షాపుల్లో ‘టీక్ ఆయిల్’ పేరుతో అమ్మేది టేకు నుంచి తీసింది కాదు, మామూలుగా అవిసె నూనెలాంటి వాటిలో సాల్వెంట్ కలిపింది. ఇంట్లో ఉండే కుర్చీకి అది పూసే పని లేదు. బాల్కనీలో ఎండకు పెడితే బూడిదరంగు తిరుగుతుంది. టెన్షన్ పడకండి, అది పై పొర వరకే, బలం తగ్గదు.

ఇక అడవి సంగతి. మీ కుర్చీల కోసం చెట్టు ఎప్పుడో పడింది, వాటిని ఇంకో యాభై ఏళ్లు వాడటం వల్ల కొత్త చెట్టు పడదు. కొత్త టేకు కొనేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. 1996 డిసెంబరులో అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో, వర్కింగ్ ప్లాన్ (ఏ అడవిలో ఎంత కొట్టొచ్చో చెప్పే, కేంద్రం ఆమోదించిన ప్రణాళిక) లేకుండా అడవిలో చెట్లు కొట్టడానికి లేదు. మహారాష్ట్రలోని బల్లార్షా లాంటి చోట్ల ప్రభుత్వ కలప డిపోల నుంచి వేలంలో వచ్చిన కర్రకు కాగితాలు ఉంటాయి, దుకాణదారుని బిల్లు అడగండి. ‘కొత్త బర్మా టేకు’ అంటే నాకు అనుమానమే. మయన్మార్ (పాత పేరు బర్మా) 2014లోనే దుంగల ఎగుమతి ఆపేసింది, 2021లో సైన్యం గద్దెనెక్కాక అక్కడి ప్రభుత్వ కలప సంస్థపై అమెరికా ఆంక్షలు పెట్టింది. బర్మా టేకే కావాలంటే, కాకినాడ నుంచి అక్కడి రంగూన్‌కి ఓడలు నడిచిన రోజుల నాటి ఇళ్లు కూల్చినప్పుడు దొరికే దూలాలు, తలుపులే నా లెక్కలో మేలు.

పేము విషయం వేరు. అది తీగలా పాకే తాటి జాతి మొక్క, చెట్టు ఆసరా లేకపోతే పైకి పోలేదు. కాబట్టి పేము కావాలంటే అడవి నిలబడి ఉండాలి. దాని మీద బతికేవాళ్లకు చెట్లు కాపాడుకోవడమే లాభం, విచ్చలవిడిగా కోయనంతవరకు. ప్రపంచంలో ఎక్కువ పేము ఇండోనేషియాదే. ముడి పేము ఎగుమతిని ఆ దేశం 2012 నుంచి నిషేధించింది, అల్లిక పని తమవాళ్లకే దక్కాలని.

షోరూమ్ సోఫా అడుగున తలపెట్టి చూడండి. అసలు పేముకి కణుపుల గుర్తులు ఉంటాయి, ఏ రెండు బద్దల రంగూ ఒకటిగా ఉండదు, కోసిన చోట సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. పోగులన్నీ ఒకే రంగు, ఒకే మందంలో ఉంటే ప్లాస్టిక్. దానికి ఇనుప చట్రం ఉంటే మీ సముద్రపు గాలికి తుప్పు తప్పదు. చట్రం టేకు అని చెబితే రంగు వేయని అడుగు భాగంలో పాలిపోయిన తెల్ల చారలు వెతకండి. అది చేవ కాదు, పుచ్చు ముందు పట్టేది అక్కడే. మాకు తెలిసిన ఒకరింట్లో అలాంటి తెల్ల కర్రకి ముదురు స్టెయిన్ కొట్టి టేకు చేవేనని అంటగట్టారు.

వానాకాలంలో పేము మీద బూజు కనిపిస్తే నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి నీరెండలో ఆరబెట్టండి, మిట్టమధ్యాహ్నపు ఎండలో వద్దు, పెళుసెక్కి విరుగుతుంది. కుర్చీ కింద సన్నటి పొడి రాలుతుంటే మాత్రం అది పుచ్చు పురుగు. ఆ కుర్చీని మిగతావాటికి దూరంగా పెట్టి, కన్నాల్లోకి సిరంజితో చెక్క పురుగుల మందు ఎక్కించండి. చేతికి గ్లవ్స్ వేసుకుని, ఇంటి బయట చేయండి.