మణికట్టు మీద మూడు వేళ్లు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ అమ్మమ్మగారి గురించి నువ్వు రాసి పంపిన పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటి పేజీలో ‘సేవామూర్తి’ దగ్గరే ఎర్ర పెన్ను తీశాను. రెండో పేజీలో ‘త్యాగశీలి’, ‘కరుణామయి’ కూడా ఎదురొచ్చాయి. నేనూ తక్కువ తినలేదులే. మా మేనత్త పోయినప్పుడు పత్రికకు ఇలాంటి మాటలతోనే వ్యాసం రాశాను. అచ్చయ్యాక మా బాబాయి చదివి, ‘బాగుందిరా, ఇంతకీ ఇది ఎవరి గురించి?’ అన్నాడు.

నైటింగేల్ దీపంతో, 1860లో లండన్‌లో ఆవిడ పెట్టిన నర్సుల బడితో మొదలుపెట్టావు. కొట్టెయ్. డాక్టర్ అన్నా కుగ్లర్ ప్రస్తావన మాత్రం ఉండనివ్వు. 1883లో అమెరికా నుంచి ఆవిడ గుంటూరు రాకపోతే, 1898లో ఆసుపత్రి తెరవకపోతే, 1957లో మీ అమ్మమ్మగారు పంతొమ్మిదేళ్ల వయసులో నర్సు చదువుకని ట్రంకుపెట్టెతో అక్కడ దిగేవారే కాదు. దానికి రెండు వాక్యాలు చాలు.

ఇక ఏడో పేజీ. ‘రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని నా చెయ్యి పట్టుకునేది’ అని రాసి, మరుక్షణం సున్నుండల మీదికి వెళ్లిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను. ఎలా పట్టుకునేవారు? మా ఆవిడ కూడా నర్సుగా చేసి రిటైరైంది కాబట్టి అడిగి చెబుతున్నాను. నాడి చూసేటప్పుడు బొటనవేలు ఆనించరట. దానికి సొంత నాడి కొట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది. పక్కనున్న మూడు వేళ్లే ఆనిస్తారు. ఊపిరి లెక్కపెట్టడం ఇంకా చమత్కారం. ఆ సంగతి రోగికి తెలిస్తే ఊపిరి తీసే తీరే మారిపోతుంది. అందుకని నాడి చూడటం అయిపోయినా చెయ్యి వదలరు. చూపు మాత్రం ఛాతీ మీదికి మళ్లిస్తారు. కొత్తగా చేరిన పిల్లలకు చెప్పే పాఠం ఇది. పద్దెనిమిదేళ్లు వార్డుల్లో చేసి, మరో పద్దెనిమిదేళ్లు ట్యూటరుగా ఉన్న మనిషి ఎన్ని బ్యాచ్‌లకు చెప్పి ఉంటారో!

చిన్నప్పుడు నీకు ఉబ్బసం ఉండేదని మూడో పేజీలో నువ్వే రాశావు. ఇప్పుడు ఆ ఏడో పేజీ మళ్లీ చదువుకో.

నర్సు, టీచరు, అమ్మమ్మ అని మూడు అధ్యాయాలు చేశావు. ఆ చెయ్యి మూడింట్లోనూ ఉంది కదా, గోడలెందుకు?

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనకు రెండు పేజీలు కేటాయించావు. గాలివేగం, వేలల్లో మరణాలు, అన్నీ పాత పేపర్లలో దొరికేవే. అమ్మమ్మగారు అవనిగడ్డ వెళ్లి వారం ఉన్నారన్నది ఒక్క వాక్యం! ఆ వారం ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, తిరిగొచ్చి ఇంట్లో ఏమన్నారు? ఆవిడతో కలిసి చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే వెంటనే వెళ్లి కూర్చో. గాజు సిరంజీలు మరిగించడం, మొద్దుబారిన సూదుల్ని రాతి మీద నూరడం లాంటివి వాళ్లే చెప్పగలరు. ఇంట్లోవాళ్లకు ఆవిడ యూనిఫాం ఇస్త్రీ మాత్రమే తెలుసు.

ఒక్క సంగతి రాయడానికి జంకినట్టున్నావు. దీపావళికి అమ్మమ్మగారికి నైట్ డ్యూటీ పడితే మీ అమ్మ పక్కింట్లో మతాబులు కాల్చుకుందని చివరి పేజీలో ఒక మూలన రాశావు. ‘నాకు దొరకని అమ్మ నా కూతురికి దొరికింది’ అని మీ అమ్మ అన్న మాటను బ్రాకెట్లో పెట్టావు. ఈ పన్నెండు పేజీల్లో అంతకంటే మంచి వాక్యం లేదు, అది నీది కాకపోయినా. బ్రాకెట్లు తీసెయ్. మీ అమ్మ నొచ్చుకుంటుందేమోనని భయమైతే ముందు ఆవిడకే చదివి వినిపించు. ఆ అలక దాచిపెడితే, అమ్మమ్మగారు నీ మీద పెట్టుకున్న ప్రాణం మామూలు ముద్దుగానే మిగిలిపోతుంది.

నువ్వు పంపిన ఫొటోలో అమ్మమ్మగారి ఎడమచేతికి చిన్న వాచీ ఉంది. సెకన్ల ముల్లు ఉందో లేదో తెలియడం లేదు. అది ఇంకా ఇంట్లోనే ఉంటే చూసి రాయి.

ఇట్లు,
మాస్టారు