పాత డ్రైవర్ తీసేసే ముందు

పాలకొల్లు

చిన్నీ,

లైనక్స్ కెర్నెల్లో ఆ చిప్ ప్రాసెసర్ వేగం మార్చే పాత డ్రైవర్‌ని తీసేస్తూ నువ్వు నాకు పంపిన ప్యాచ్ చూశాను. ఫైలు మొత్తం ఎగిరిపోతోందని సంబరంగా ఉన్నట్టుంది. చాలా చిప్‌లకి పనికొచ్చే ఉమ్మడి డ్రైవర్ సీపీయూఫ్రీక్-డీటీ ఉండగా ఆ చిప్‌కి సొంత డ్రైవర్ దండగే, ఒప్పుకుంటాను. అయినా కెర్నెల్ వాళ్లకి పంపే ముందు నాలుగు రోజులు ఆగు.

పాత డ్రైవర్‌లో ఫ్రీక్వెన్సీ మార్చే ఫంక్షన్‌ని లైను లైనుగా చదువు. పెంచేటప్పుడు ముందు వోల్టేజీ, తర్వాత క్లాకు. తగ్గించేటప్పుడు ముందు క్లాకు. ఇది ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ జతల్ని నడిపే కెర్నెల్ భాగం, ఓపీపీ లేయర్ చూసుకుంటుంది, దాని గురించి టెన్షన్ లేదు. నాకు అనుమానమల్లా మధ్యలో జరిగే పని మీదే. క్లాకుని పుట్టించే పీఎల్ఎల్ సర్క్యూట్ కొత్త రేటుకి కుదురుకునే లోపు ప్రాసెసర్‌ని వేరే క్లాకు మీదికి మళ్లించి, మళ్లీ వెనక్కి తెస్తున్నారా? తెస్తుంటే, రేపటి నుంచి ఆ పని ఎవరిది? శాంసంగ్ ఎక్సినోస్ చిప్‌లకి దాన్ని క్లాక్ డ్రైవర్‌లోకి మార్చి, ఆ తర్వాతే పాతదాన్ని తీశారు. నీ చిప్‌కి అలా మారకపోతే బోర్డు ఎప్పుడో ఒకసారి బిగుసుకుపోతుంది. భీమవరం ఎండకి వేడెక్కిందేమో అనుకుంటూ కూర్చుంటావు.

సీపీయూఫ్రీక్-డీటీ తాలూకు ప్లాట్‌డెవ్ ఫైల్లో బ్లాక్‌లిస్ట్ ఉంది, చూశావా? నీ చిప్ పేరు అందులో ఉన్నంత కాలం సీపీయూఫ్రీక్-డీటీ దాని జోలికి రాదు. పేరు ముందే తీసేస్తే డ్రైవర్లు రెండూ పోటీపడతాయి. ముందు రిజిస్టరైనదే ఉంటుంది, రెండోదానికి ఎర్రరొస్తుంది. పేరూ డ్రైవరూ ఒకే ప్యాచ్‌లో పోనీ. తప్పు ఏ ప్యాచ్‌తో వచ్చిందో బైసెక్ట్ చేసి వెతికేవాడి ఉసురు మనకెందుకు?

అందరూ మర్చిపోయేది కాన్ఫిగ్, అంటే కెర్నెల్లో ఏవేవి ఉండాలో చెప్పే ఆప్షన్ల ఫైలు. పాత కాన్ఫిగ్ ఫైలుతో కొత్త కెర్నెల్ కట్టేవాళ్లు బోలెడు మంది. నువ్వు తీసేసిన ఆప్షన్‌ని, పాత ఫైల్ని కొత్త కెర్నెల్‌కి సరిచేసే ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ కమాండ్ చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. సీపీయూఫ్రీక్-డీటీ ఆన్‌లో లేకపోతే బోర్డు మామూలుగానే బూట్ అవుతుంది, కానీ బూట్‌లోడర్ వదిలిన ఫ్రీక్వెన్సీ దగ్గరే ఉండిపోతుంది. ఎర్రరూ ఉండదు, ఫిర్యాదూ రాదు. ఎండాకాలం కాలువలు కట్టేసే ముందు మన శివారు ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుతారు కదా, అలా కెర్నెల్‌తో వచ్చే డిఫాల్ట్ కాన్ఫిగ్‌లలో (డెఫ్‌కాన్ఫిగ్‌లలో) కొత్త ఆప్షన్‌ని ఒక రిలీజు ముందే పెట్టించు.

2023లో 6.3 కెర్నెల్ నుంచి శాంసంగ్ పాత ఎస్3సీ24ఎక్స్ఎక్స్ చిప్‌ల సపోర్టు తీసేసినట్టు తీసేద్దామనుకోకు. అక్కడ ఆ చిప్‌లకే కాలం చెల్లింది. నీ చిప్‌ని జనం ఇంకా వాడుతున్నారు.

కేకాన్ఫిగ్, మేక్‌ఫైల్, మెయింటెయినర్స్ ఫైల్లో ఎంట్రీ, ఇలా పాత డ్రైవర్ పేరు మిగిలిన చోట్లన్నీ గిట్ గ్రెప్‌తో వెతికితే బయటపడతాయి.

కమిట్ మెసేజ్‌లో "ఇక అక్కర్లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకు. ఏ బోర్డు మీద చూశావో రాయి. నడుస్తున్న డ్రైవర్ పేరు చూపే స్కేలింగ్_డ్రైవర్ ఫైల్లో ముందు ఏ పేరుందో, తర్వాత ఏ పేరొచ్చిందో, ఫ్రీక్వెన్సీల జాబితా రెండిట్లో ఒకటేనా కాదా పెట్టు. జాబితాలో ఒక్కటి తగ్గినా ఎందుకో తేలే దాకా పంపొద్దు.

ఆదివారం వస్తే బోర్డు పట్టుకురా. సీరియల్ కేబుల్ నా దగ్గరుంది.

పెదనాన్న