అందరి ఖర్చూ ఒకరి కార్డు మీద వద్దు

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం సెలవుల్లో గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్లి ఒక రోజంతా ఊరు చూడాలనుకుంటున్నాం. కిందటిసారి విశాఖలో అయిన 16,000 రూపాయలూ నా క్రెడిట్ కార్డు మీదే పెట్టి, వాళ్లు డబ్బు ఇవ్వడం ఆలస్యం కావడంతో కార్డు బిల్లులో కట్టి తీరాల్సిన కనీస మొత్తం మాత్రమే కట్టి నెట్టుకొచ్చాను. ఒకరు ఇప్పటికీ 4,000 బాకీ ఉన్నారు. ఈసారి కార్డు లిమిట్ పెంచుకోమంటారా?

జవాబు: వద్దండీ. మీకు కొరతగా ఉన్నది లిమిట్ కాదు, ముందుగా చేతికి రావలసిన డబ్బు. 16,000లో కనీస మొత్తంగా 5 శాతం, అంటే 800 కట్టారనుకుంటే, మిగిలిన 15,200పై నెలకు 3.5 శాతం చొప్పున 532 రూపాయల వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు 628 అవుతుంది. వడ్డీని కొన్న రోజు నుంచే లెక్కగడతారు కాబట్టి అసలు భారం ఇంకా ఎక్కువే. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీలేని గడువు వర్తించదన్న సంగతి చాలామంది గమనించరు.

ఈసారి బయలుదేరే ముందే తలా 1,200 చొప్పున 4,800 పోగుచేసి, మీరు కాకుండా మరొకరి చేతిలో పెట్టండి. ఆయన ఆ మొత్తాన్ని యూపీఐ లైట్‌లో (యూపీఐ యాప్‌లోనే చిన్న చెల్లింపుల కోసం విడిగా డబ్బు ఉంచుకునే చోటు) ఉంచుకుంటే సొంత ఖాతాతో కలిసిపోదు, ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. అందులో నిల్వ పరిమితి 5,000, ఒక్కో చెల్లింపునకు 1,000. పిన్ అడగదు కాబట్టి ఫోన్ మాత్రం జాగ్రత్త.

ఉమ్మడి సొమ్ములోంచి ప్రయాణం, టికెట్లు, టీ ఖర్చులే పోవాలి. శాకాహారి మిత్రుడు పప్పన్నం తిని మటన్ బిర్యానీ బిల్లులో నాలుగో వంతు మోయడం న్యాయం కాదు కనుక భోజనం ఎవరిది వారే చెల్లించాలి. లాడ్ బజార్‌లో ఇంటివాళ్ల కోసం కొనే గాజులూ అంతే. నిజానికి పేచీలు వచ్చేది టికెట్ల దగ్గర కాదు, ఇలాంటి చోటే.

శుక్రవారం మాత్రం పెట్టుకోకండి: సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ ఆ రోజు మూసి ఉంటాయి, ఆటో డబ్బులు దండగ. ఈ రెండూ చార్మినార్‌కు దగ్గరే కాబట్టి ఉదయం చల్లగా ఉండగా గోల్కొండ ఎక్కి, అక్కడి నుంచి ఒకే క్యాబ్‌లో పాతబస్తీకి వస్తే మళ్లీ బండి మాట్లాడుకునే పని ఉండదు. చార్మినార్ దాకా మెట్రో లేదు. తిరుగు ప్రయాణానికి ఆటోలో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కు చేరితే చాలు.

ఇక ఆ పాత 4,000 సంగతి. దాన్ని ఈ ప్రయాణం లెక్కలో సర్దుకుందామనుకోకండి, రెండు లెక్కలూ చిక్కుపడతాయి. రైలు టికెట్లు తీసుకునే ముందే ఫోన్ చేసి, ఒకేసారి కుదరకపోతే నెలకు 1,000 చొప్పున నాలుగు నెలల్లో ఇమ్మని అడిగి, ఒప్పుకున్న తేదీని ఆయనకే వాట్సాప్‌లో రాసి పంపండి.